డిజిటల్ అమెచ్యూర్ రేడియో సెట్టు – బ్రౌజర్ ద్వారా కోడ్‌ప్లగ్ రూపకల్పన: పరిటాల ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
డిజిటల్ అమెచ్యూర్ రేడియో చేతిసెట్టు పనిచేయాలంటే దానిలో ముందుగా ఒక అమరికల పట్టికను నింపాలి. దీనిని కోడ్‌ప్లగ్ అంటారు. ఒకప్పుడు తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో స్థాపించుకొంటే తప్ప సాధ్యంకాని ఈ పనిని ఇప్పుడు కొన్ని సెట్ల విషయంలో బ్రౌజర్‌లోనే చేయవచ్చు. కోడ్‌ప్లగ్‌లోని అంశాలేమిటి, బ్రౌజర్ దానిని సెట్టులోకి ఎలా చేరుస్తుంది, వరదల తాకిడికి గురయ్యే పరిటాల–నందిగామ ప్రాంతంలో దానిని ఏ క్రమంలో రూపొందించుకోవాలి అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అమెచ్యూర్ రేడియో, డీఎంఆర్, కోడ్‌ప్లగ్, వెబ్ సీరియల్, విపత్తు సమాచార వ్యవస్థ, పరిటాల.

1. ఉపోద్ఘాతం:
కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలోని పరిటాల 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. హైదరాబాదు–విజయవాడ జాతీయరహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. 2023 జూలై చివరలో మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద ఈ రహదారిని ముంచెత్తినప్పుడు రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ అదే పరిస్థితి ఏర్పడింది. పాలేటి వరదకు జగ్గయ్యపేట వైపు గరికపాడు వంతెన దెబ్బతిన్నది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇలాంటి వేళల్లో విద్యుత్తు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయి, ఫైబర్ తీగలు తెగిపోతే గ్రామాల మధ్య మాట ఎలా సాగుతుందన్న ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్నకు అమెచ్యూర్ రేడియో ఒక సమాధానం. తెలుగునేలపై దీనికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1983లో హైదరాబాదు కేంద్రంగా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్ దీవుల నుంచి ప్రసారాలు చేస్తుండగా 26వ తేదీన సునామీ వచ్చింది. ఆమె బృందం తాము తలపెట్టిన ప్రసార కార్యక్రమాన్ని ఆపి, పోర్ట్ బ్లెయిర్ నుంచి అత్యవసర సమాచారాన్ని ప్రధానభూభాగానికి అందించింది. ఆ బృందం వాడినవి హ్రస్వతరంగ సెట్లు. వాటిలో మీట తిప్పి పౌనఃపున్యం కుదుర్చుకొంటే చాలు, విన్నవారెవరైనా బదులు పలకవచ్చు. నేటి డిజిటల్ చేతిసెట్టులో ఆ వెసులుబాటు లేదు. మాట్లాడుకోవలసిన ఇద్దరి సెట్లలోనూ అమరికలు ముందే సరిపోలి ఉండాలి. అందువల్ల కోడ్‌ప్లగ్ రూపకల్పన విపత్తుకు ముందు జరగవలసిన సన్నాహంగా మారింది.

2. డిజిటల్ సెట్టులో మాట ప్రయాణించే తీరు:
చేతిసెట్లలో ఎక్కువగా కనిపించే డిజిటల్ పద్ధతి డీఎంఆర్. ఐరోపా టెలికాం ప్రమాణాల సంస్థ ఈట్సీ దీనిని 2005లో ప్రకటించింది. 12.5 కిలోహెర్ట్‌జ్ వెడల్పుగల ఒకే పౌనఃపున్యాన్ని ఈ పద్ధతి 30 మిల్లీసెకన్ల వంతున రెండు కాలఖండాలుగా విభజిస్తుంది. వీటినే టైమ్‌స్లాట్లు అంటారు. 60 మిల్లీసెకన్ల మాటను కుదించి 30 మిల్లీసెకన్లలో పంపుతుంది. మిగిలిన 30 మిల్లీసెకన్లు మరొక సంభాషణకు ఉపయోగపడతాయి. ఆ విధంగా ఒక రిపీటర్ మీద ఒకే సమయంలో రెండు సంభాషణలు సాగుతాయి. సెట్టు సగం కాలమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ కూడా ఆదా అవుతుంది.

అనలాగ్ సెట్టుకు పౌనఃపున్యం, రిపీటర్ వాడితే అదనంగా వ్యత్యాసం, టోను తెలిస్తే సరిపోతుంది. మీటలు నొక్కి అక్కడికక్కడే కూర్చవచ్చు. డీఎంఆర్‌లో వీటికి తోడు 0 నుంచి 15 వరకు ఉండే కలర్‌కోడ్, టైమ్‌స్లాట్, టాక్‌గ్రూప్ సంఖ్య, వాడుకరి గుర్తింపు సంఖ్య కావాలి. వీటిలో కలర్‌కోడ్ తేడా వచ్చినా, వినవలసిన టాక్‌గ్రూప్ వినేవారి జాబితాలో లేకపోయినా, సంకేతం బలంగా చేరుతున్నప్పటికీ సెట్టు మౌనంగానే ఉంటుంది. కొత్తవారు దీనిని సెట్టు లోపంగా పొరబడుతుంటారు. కలర్‌కోడ్‌తోనూ గ్రూపుతోనూ నిమిత్తం లేకుండా అన్నిటినీ వినిపించే డిజిటల్ మానిటర్ సదుపాయం కొన్ని సెట్లలో ఉంది. లోపం సెట్టుదో అమరికదో తేల్చుకోవడానికి ఇది తొలి పరీక్ష.

3. కోడ్‌ప్లగ్ నిర్మాణం:
కోడ్‌ప్లగ్‌ను ఒకదానినొకటి ఆశ్రయించిన పట్టికల సముదాయంగా భావించవచ్చు. అన్నిటికంటె ముందు వాడుకరి గుర్తింపు సంఖ్య ఉంటుంది. అమెచ్యూర్లకు ఏడు అంకెల సంఖ్యను రేడియోఐడీ అనే అంతర్జాతీయ నమోదు కేంద్రం ఇస్తుంది. మొదటి మూడంకెలు దేశసంకేతం. మన దేశానిది 404. ప్రతి ప్రసారంతో పాటు ఈ సంఖ్య కూడా వెళ్తుంది కనుక ఇతరుల సంఖ్యను వాడడం అన్యుల పేరుతో మాట్లాడడమే అవుతుంది.

తరువాతిది కాంటాక్టుల పట్టిక. ఇందులో టాక్‌గ్రూపులు, వ్యక్తుల సంఖ్యలు ఉంటాయి. ఏయే గ్రూపులను వినాలో చెప్పేది స్వీకరణ జాబితా. పౌనఃపున్యం, కలర్‌కోడ్, టైమ్‌స్లాట్, కాంటాక్టు, స్వీకరణ జాబితా కలిస్తే ఒక ఛానల్. కొన్ని ఛానళ్ల సమూహం జోన్. ఈ అల్లిక కారణంగా పట్టికలను కింది నుంచి పైకి, అంటే కాంటాక్టులతో మొదలుపెట్టి జోన్లతో ముగించే క్రమంలో నింపాలి. ఛానల్‌ను నిర్మించి దానిని ఏ జోన్‌లోనూ చేర్చకపోతే చాలా సెట్లలో అది తెరమీద కనిపించదు.

4. బ్రౌజర్ చేసే పని:
తయారీదారుల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా విండోస్‌కే పరిమితం. సెట్టులోని ఫర్మ్‌వేర్ మారితే సాఫ్ట్‌వేర్ కూడా మార్చవలసి వస్తుంది. కళాశాల ప్రయోగశాలల్లో లినక్స్ యంత్రాలు ఉన్నా, కొత్త సాఫ్ట్‌వేర్ స్థాపించడానికి అనుమతి లేకపోయినా పని అక్కడే ఆగిపోయేది. అనలాగ్ సెట్లకు చిర్ప్, కొన్ని డీఎంఆర్ సెట్లకు క్యూడీఎంఆర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి. బ్రౌజర్ పద్ధతి వాటి తరువాతి మెట్టు.

దీనికి ఆధారం వెబ్ సీరియల్ అనే సదుపాయం. 2021లో వచ్చిన క్రోమ్ 89వ కూర్పులో ఇది స్థిరపడింది. ఎడ్జ్‌లోనూ పనిచేస్తుంది. సఫారీలో లేదు. ప్రోగ్రామింగ్ తీగ ఒక చివర యూఎస్‌బీ, మరొక చివర సెట్టు మైకు రంధ్రాల్లో కూర్చునే ప్లగ్గు ఉంటాయి. చాలా తీగల్లో యూఎస్‌బీని సీరియల్ సంకేతంగా మార్చే చిప్ ఇమిడి ఉంటుంది. పేజీ తనంతట తాను ఈ తీగను తాకలేదు. వాడుకరి మీట నొక్కి, బ్రౌజర్ చూపే జాబితాలోంచి పోర్టును స్వయంగా ఎంచుకొన్న తరువాతనే అనుమతి లభిస్తుంది. పేజీ కూడా హెచ్‌టీటీపీఎస్ వంటి సురక్షిత మార్గంలోనే తెరుచుకొని ఉండాలి.

అనుమతి లభించాక పేజీలోని జావాస్క్రిప్ట్ సెట్టుతో పలకరింపు సంకేతాలు మార్చుకొంటుంది. సెట్టు తన నమూనా పేరు చెబుతుంది. ఆపై జ్ఞాపకశక్తిలోని సమాచారాన్ని చిన్నచిన్న ముక్కలుగా, చిరునామా వెంట చిరునామాగా చదివి, ఆ అంకెలను ఛానళ్లుగా, జోన్లుగా అన్వయించి పట్టికలా చూపుతుంది. మార్పులు చేశాక అదే దారిలో తిరిగి రాస్తుంది. సరిగా రూపొందించిన పేజీలో ఈ పనంతా వాడుకరి కంప్యూటర్లోనే జరుగుతుంది. కోడ్‌ప్లగ్ ఏ సర్వరుకూ పోనవసరం లేదు. అయితే పేజీని ముందుగా తెరవడానికి అంతర్జాలం కావాలి. ఆఫ్‌లైన్‌లో వాడుకొనే ఏర్పాటు లేని పేజీ వరదరోజున తెరుచుకోదు. బ్రౌజర్ సౌకర్యంలో దాగిన పరిమితి ఇది.

రాసే పనిలో పాటించవలసిన క్రమం: మొదట సెట్టులో ఉన్నదాన్ని చదివి, మార్చకుండా ఒక ప్రతిని భద్రపరచాలి. మార్పులన్నీ రెండవ ప్రతిలో చేయాలి. నమూనా పేరు, ఫర్మ్‌వేర్ కూర్పు సరిచూసుకోవాలి. వేరొక నమూనా కోడ్‌ప్లగ్‌ను బలవంతంగా రాస్తే సెట్టు పనిచేయకుండా పోవచ్చు. బ్యాటరీ నిండుగా ఉండాలి. రాత మధ్యలో తీగ కదలకూడదు. చివరగా సెట్టును మళ్ళీ చదివి, రాసినదీ చదివినదీ ఒకటేనని నిర్ధారించుకోవాలి. లినక్స్‌లో పోర్టు కనిపించినా తెరుచుకోకపోతే, వాడుకరికి సీరియల్ పోర్టుపై అనుమతి ఉందో లేదో మొదట చూడాలి.

5. ఊరిపేర్లు, లిపి సమస్య:
చాలా సెట్ల తెరలు రోమన్ అక్షరాలనే చూపుతాయి. ఛానల్ పేరుకు 16 అక్షరాల వరకే చోటు ఉండడం సాధారణం. తెలుగులో ఐదు అక్షరాల కంచికచర్ల రోమన్ లిపిలో పద్నాలుగు అక్షరాలవుతుంది. దానికి ఛానల్ సంఖ్యో మరొక గుర్తో చేరిస్తే చోటు చాలదు. జగ్గయ్యపేటలోని యకారాన్ని, చివరి అచ్చును ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున రాస్తారు. ఇది రూపానికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని పట్టికలను ఫైళ్లుగా ఎగుమతి చేసి పంచుకొనేటప్పుడు అనేక సాఫ్ట్‌వేర్లు ఛానల్‌కూ కాంటాక్టుకూ ముడిని పేరు ఆధారంగానే వేస్తాయి. ఒక్క అక్షరం తేడా వస్తే ముడి తెగి ఛానల్ నిరుపయోగమవుతుంది. కాబట్టి ఒక ప్రాంతంలోని వాడుకరులు ఊరిపేర్ల సంక్షిప్తరూపాలను ముందే ఏకరీతిగా నిర్ణయించుకోవాలి. ఆ జాబితా కాగితం మీద తెలుగులో కూడా ఉండాలి. లిప్యంతరీకరణ తెలిసిన భాషాధ్యాపకుల సహకారం ఇక్కడ ప్రత్యక్షంగా ఉపయోగపడుతుంది.

6. పరిటాలకు తగిన కోడ్‌ప్లగ్:
ఈ తరంగాలు స్థూలంగా దృష్టిరేఖను అనుసరిస్తాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిక్చక్రం దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఒకటిన్నర మీటరు ఎత్తున సెట్టు పట్టుకొన్నవారికి ఇది ఐదు కిలోమీటర్లు. అలాంటి ఇద్దరి మధ్య సమతలంపై పది కిలోమీటర్లకు మించి ఆశించరాదు. అంటే పరిటాల నుంచి కంచికచర్ల అందవచ్చు గాని నందిగామ అందదు. ఎత్తు తెచ్చే మార్పును ఊహించడానికి 2003లో పరిటాలలో నెలకొల్పిన 135 అడుగుల ఆంజనేయవిగ్రహాన్ని కొలతగా తీసుకోవచ్చు. అంత ఎత్తున, అంటే 41 మీటర్ల మీద యాంటెన్నా ఉందనుకొంటే నేలమీది సెట్టుతో దూరం 31 కిలోమీటర్లకు పెరుగుతుంది. నందిగామ ఆ పరిధిలోకి వస్తుంది. జగ్గయ్యపేట అప్పటికీ బయటే ఉంటుంది. తూర్పున కొండపల్లి కొండలు ఈ లెక్కను ఇంకా తగ్గిస్తాయి. అందువల్ల దూరపు ఊళ్లకు మాట ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ పోవలసిందే.

ఈ పరిస్థితిని బట్టి జోన్ల క్రమం నిర్ణయించాలి. సాధారణంగా కొత్తవారు బ్రాండ్‌మీస్టర్ వంటి అంతర్జాల వ్యవస్థల టాక్‌గ్రూపులతో మొదటి జోన్‌ను నింపుతారు. ఇంట్లో చిన్న హాట్‌స్పాట్ పెట్టుకొంటే దేశాంతర సంభాషణ సులభం కావడమే దీనికి కారణం. బ్రాడ్‌బ్యాండ్ ఆగిన క్షణంలో ఆ ఛానళ్లన్నీ మూగబోతాయి. కాబట్టి మొదటి జోన్‌లో రిపీటర్, అంతర్జాలం రెండూ అక్కరలేని నేరు ఛానళ్లు ఉండాలి. వాటిలో కనీసం ఒకటి అనలాగ్ కావడం మంచిది. డిజిటల్ లేని సెట్టువారు కూడా అందులో కలవగలుగుతారు. డిజిటల్ నేరు ఛానల్‌కు కలర్‌కోడ్, గ్రూపు సంఖ్య అందరూ ఒకటే పెట్టుకోవాలి. రెండవ జోన్‌లో రిపీటర్లు, మూడవ జోన్‌లో అంతర్జాల గ్రూపులు రావచ్చు.

7. చట్టపరమైన హద్దులు:
సాఫ్ట్‌వేర్ ఏ అంకెనైనా రాయనిస్తుంది, చట్టం రాయనివ్వదు. 1978 నాటి అమెచ్యూర్ సేవా నియమాలు మన దేశంలో ఈ రంగానికి పునాది. పరీక్ష ఉత్తీర్ణులై లైసెన్సు, కాల్‌సైన్ పొందినవారే ప్రసారం చేయాలి. పన్నెండేళ్లు నిండినవారు పరీక్షకు అర్హులు. చేతిసెట్లు వాడే అమెచ్యూర్ శ్రేణులు మనకు 144–146, 434–438 మెగాహెర్ట్‌జ్. సెట్లు ఇంతకంటె చాలా విశాలమైన శ్రేణిలో ప్రసారం చేయగలవు. ఆ హద్దుల వెలుపల పోలీసు తదితర సేవలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ప్రసార పరిమితులను ఈ శ్రేణులకు కుదించి పెట్టడం, అవసరంలేని ఛానళ్లను కోడ్‌ప్లగ్ నుంచి తొలగించడం విధిగా చేయవలసిన పనులు. మాటను గుప్తీకరించే సదుపాయం సెట్టులో ఉన్నా అమెచ్యూర్ సంభాషణ బహిరంగభాషలోనే సాగాలి కనుక దానిని ఆపి ఉంచాలి.

8. ముగింపు:
పై చర్చ వల్ల తేలిన విషయాలు ఇవి:

• డిజిటల్ సెట్టు సామర్థ్యం చాలావరకు కోడ్‌ప్లగ్‌పై ఆధారపడి ఉంటుంది. అది వ్యక్తిగత అమరికగా కనిపించినా, నిజానికి ఒక సమూహం ముందుగా కుదుర్చుకొన్న ఒడంబడిక.
• బ్రౌజర్ పద్ధతి ఆపరేటింగ్ సిస్టమ్, స్థాపన అనే రెండు అడ్డంకులను తొలగించింది. పేజీ తెరవడానికి అంతర్జాలం అవసరం కావడం దాని పరిమితి. కనుక పని వర్షాకాలానికి ముందే పూర్తి కావాలి.
• ఊరిపేర్ల రోమన్ రూపాల్లో ఏకత్వం సాంకేతికంగానూ అవసరమే.
• పరిటాల వంటి చోట నేరు ఛానళ్లకు మొదటి స్థానం ఇవ్వాలి.

కోడ్‌ప్లగ్ రాయడం పూర్తయ్యాక దానిని పరీక్షించడానికి సులభమైన మార్గం ఒకటుంది. ఇంట్లోని రౌటరును ఆపి, రిపీటర్ లేదనుకొని, పొరుగూరి మిత్రుణ్ణి పిలవాలి. ఆయన బదులు పలికితే కోడ్‌ప్లగ్ సిద్ధమైనట్లు. పలకకపోతే ఇద్దరి పట్టికలనూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడానికి మున్నేరు పొంగేలోగా ఇంకా వ్యవధి ఉంటుంది.