మోకాలి కింద సుత్తి తగిలితే కాలు ఎందుకు ఎగురుతుంది?

డాక్టరు మనల్ని బల్ల అంచున కూర్చోబెట్టి, కాలు వదులుగా వేలాడేయమని, మోకాలిచిప్పకు కాస్త కింద రబ్బరు సుత్తితో తడతారు. కాలు ముందుకు ఎగురుతుంది. మెదడు చటుక్కున ఆజ్ఞ ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మెదడు ఏ ఆజ్ఞా ఇవ్వదు. దెబ్బ తగిలిందని మనకు తెలిసేసరికే కాలు కదలడం మొదలైపోతుంది.

సుత్తి పడేది ఎముక మీద కాదు. తొడ ముందువైపు పెద్ద కండరం మోకాలిచిప్పను పట్టుకుని, అక్కడి నుంచి గట్టి పట్టీగా దిగి ముంగాలి ఎముకకు అతుక్కుంటుంది. ఆ పట్టీ మీద తడితే అది లోపలికి నొక్కుకుంటుంది, దాంతో పైనున్న కండరం పిసరంత సాగుతుంది. సాగుదలను పసిగట్టే గ్రాహకాలు కండరం లోపలే ఉన్నాయి. వాటి కబురు నాడి గుండా వెన్నుపాము కింది భాగానికి చేరుతుంది. కబురు తెచ్చిన నాడీకణం అక్కడ, అదే కండరాన్ని నడిపే నాడీకణంతో నేరుగా కలుస్తుంది. మధ్యవర్తులెవరూ లేరు. అందుకే తట్టిన తర్వాత సెకనులో సుమారు 50వ వంతులోనే కండరంలో విద్యుత్ స్పందన కనిపిస్తుంది.

నాడి కొసన ఎసిటైల్‌కోలిన్ విడుదలై కండరాన్ని మేల్కొలుపుతుంది. కండర కణంలో దాగిన కాల్షియం బయటికొస్తుంది. అప్పుడు మయోసిన్ పోగుల తలలు ఆక్టిన్ పోగులను పట్టి లాగుతాయి. పోగులు పొట్టివి కావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతాయి. కండరం పొట్టిదవడం అంటే ఇదే. దీనికి ఖర్చయ్యేది ఏటీపీ అనే కణ ఇంధనం. అది తరగకుండా వెంటనే భర్తీ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి మన పిల్లలకు పాఠంతోపాటే చెప్పాలని నా కోరిక.

కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం రాదు. ఆ లాగుడును కదలికగా మార్చేది ఎముకలు. బావి మీది గిలక తాడును తిప్పినట్టు, మోకాలిచిప్ప ఆ లాగుడును కీలుకు కాస్త దూరంగా మళ్లిస్తుంది. దాంతో అదే బలానికి కాలు మరింత తేలిగ్గా చాపుకుంటుంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది తొడ వెనక కండరాల సంగతి. అవి బిగుసుకుంటే మోకాలు మడుచుకుంటుంది. ముందు కండరం లాగే వేళ ఇవీ లాగితే కాలు ఎటూ కదలదు. అందుకే వెన్నుపాములో అదే కబురు ఇంకో చిన్న నాడీకణం గుండా వెళ్లి, వెనక కండరాలను నడిపే కణాలను ఊరుకోమంటుంది. ఒకదానికి పని చెప్పడమూ మరొకదాన్ని ఆపడమూ ఒక్కసారే జరుగుతాయి. నాడీమండలం మీద చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి పంచుకున్న చార్లెస్ షెరింగ్టన్ తేల్చిన విషయాల్లో ఇదీ ఒకటి.

మరి ఈ ఏర్పాటు ఎందుకు? సుత్తి కోసం కాదు కదా! నిలబడి ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగితే తొడ ముందు కండరం సాగుతుంది, సాగగానే బిగుసుకుని కాలిని నిలబెట్టడానికి తోడ్పడుతుంది. మనకు తెలియకుండానే జరిగే సర్దుబాటు ఇది.

మెదడుకు అసలు పాత్ర లేదా అంటే, ఉంది. రెండు చేతుల వేళ్లు కొక్కెంలా తగిలించి గట్టిగా లాగుతూ ఉంటే అదే దెబ్బకు కాలు ఇంకా ఎక్కువగా ఎగురుతుంది. పైనుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాము చురుకుదనాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. అందుకే పక్షవాతం వచ్చిన కొన్నాళ్లకు ఆ వైపు కాలు అతిగా ఎగరవచ్చు. నడుము దగ్గర నాడి నలిగితే మాత్రం స్పందన తగ్గుతుంది. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యులు దీన్ని విడివిడిగా ప్రకటించినప్పటి నుంచీ ఇది పరీక్షగా నిలిచింది. ఏ జబ్బూ లేనివారిలోనూ కొందరికి కాలు అంతగా ఎగరదు. కాబట్టి డాక్టరు ఒక కాలితో ఆగరు, రెండోదీ తట్టి రెండింటికీ తేడా ఉందేమో చూస్తారు.