బర్డ్ ఫ్లూ వ్యాప్తిలో కోళ్ల ఎరువు పాత్ర

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలతో పాటు ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలం బాదంపూడిలోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకింది. కొల్లేరు చేరువలోనే ఉన్నందున వలస పక్షులనే కారణంగా చూపడం ఇక్కడ సులభం. వరి కోసిన చేలలో మేసే బాతులు కూడా లక్షణాలు కనబడకుండానే హెచ్5ఎన్1 వైరస్‌ను విసర్జించగలవు. అయితే సేద్య విభాగం వారమైన మనం అంతగా పట్టించుకోనిది కోళ్ల ఎరువును. ఫారాల నుండి అది ట్రాక్టర్లపై చేలకూ, చేపల చెరువులకూ చేరుతున్నది.

చల్లని, తేమగల రెట్టలో ఈ వైరస్ రోజుల తరబడి నిలువగలదు. 60 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంటకు పైగా ఉంచితే నశిస్తుంది. సక్రమంగా కంపోస్టు చేసిన కుప్ప లోపల ఆ స్థాయి వేడి పుడుతుంది. పైపొర మాత్రం చల్లగానే ఉండిపోతుంది. కనుక కుప్పను తిరగవేయక తప్పదు. అందువలన నత్రజని కొంత ఆవిరవుతుందన్న రైతుల అభ్యంతరం నిజమే, కాని భరించదగిన నష్టమే. ఎకరాకు ఎన్ని టన్నులో చెప్పే మన సిఫారసులు, అది ఎన్ని వారాలు మాగిన ఎరువో కూడా చెప్పాలి.

వ్యాధి నిర్ధారణ అయిన ఫారంలోని ఎరువుకు ఇది వర్తించదు. దానిని అక్కడే పూడ్చివేయాలి. కంపోస్టు పేరుతోనైనా గేటు దాటించరాదు.