స్టీరియో తీగలు: ఎంపిక, పోలిక

ఇంటిలో సంగీతము వినుటకై ఒక కుటుంబము స్టీరియో యంత్రమును కొనినదనుకొందము. ఆంప్లిఫయరు, రెండు లౌడుస్పీకర్లు ఇల్లు చేరినవి. ఇక వాటిని కలుపుటకు తీగలు కావలెను. అంగడిలో ఒకవైపు మీటరు లెక్కన అమ్ము మామూలు జంట రాగితీగ ఉన్నది. మరొకవైపు బంగారుపూత కొనలతో, అందమైన పెట్టెలో, దానికి అనేక రెట్లు వెలగల తీగ ఉన్నది. ఈ రెండవదానిని వాడినచో గాత్రము తేటపడుననియు, మృదంగనాదము గంభీరమగుననియు ప్రకటనలు చెప్పుచుండును. ఆ మాట నిజమైనచో ఖర్చు తగినదే. కానిచో ఆ సొమ్ముతో మరింత మేలైన లౌడుస్పీకర్లనే కొనవచ్చును. ఉన్నత పాఠశాలలో చదువు విద్యుత్ పాఠముతోనే ఈ ప్రశ్నను చాలవరకు తేల్చవచ్చును.

ఓమ్ నియమము చెప్పునది

జర్మను శాస్త్రజ్ఞుడు జార్జి ఓమ్ 1827లో ప్రకటించిన నియమమే ఇచ్చట ఆధారము. ఆంప్లిఫయరు, తీగ, లౌడుస్పీకరు ఒకే వలయములో శ్రేణిగా కలుపబడి ఉన్నవి. ఆంప్లిఫయరు ఇచ్చు వోల్టేజిని తీగ, లౌడుస్పీకరు తమ తమ నిరోధముల నిష్పత్తిలో పంచుకొనును. లౌడుస్పీకరు వాటా నుండియే శబ్దము పుట్టును. తీగ వాటా కేవలము వేడిగా మారిపోవును. కావున తీగ నిరోధము ఎంత తక్కువైన అంత మేలు.

ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యము గల రాగితీగ నిరోధము సుమారు 0.017 ఓమ్. పొడవు రెట్టింపైన నిరోధము రెట్టింపగును. వైశాల్యము రెట్టింపైన నిరోధము సగమగును. ఒక తీగలో పోయిన విద్యుత్తు రెండవ తీగలో తిరిగి రావలెను గనుక, లౌడుస్పీకరు 5 మీటర్ల దూరములో ఉన్నచో లెక్కలోనికి 10 మీటర్ల తీగను తీసికొనవలెను. ఈ దూరమునకు 0.5 చదరపు మిల్లీమీటరు తీగ నిరోధము 0.34 ఓమ్, 1 చదరపు మిల్లీమీటరు తీగది 0.17 ఓమ్, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగది 0.07 ఓమ్ అగును. లౌడుస్పీకరుపై సాధారణముగా 8 ఓములని వ్రాసి ఉండును. దానితో పోల్చగా ఇవన్నియు స్వల్పములే.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆ 8 ఓములు స్థిరమైన సంఖ్య కాదు. లౌడుస్పీకరులో అయస్కాంత క్షేత్రమున కదలాడు తీగచుట్ట ఉన్నది. ఏకాంతర విద్యుత్తునకు అది చూపు అవరోధము పౌనఃపున్యమునుబట్టి మారుచుండును. ఒకచోట 6 ఓములకు దిగవచ్చును. అనునాద స్థానమున 30 ఓములకు ఎగబ్రాకవచ్చును. తీగ నిరోధము హెచ్చైనచో, అవరోధము తక్కువగా ఉన్న స్వరములు ఎక్కువగాను, అవరోధము హెచ్చుగా ఉన్న స్వరములు తక్కువగాను క్షీణించును. అనగా శబ్దము తగ్గుట మాత్రమే కాదు, స్వరముల పొందికయు చెడును.

ఇది ఎంత? పై లౌడుస్పీకరునే 20 మీటర్ల దూరమున 0.5 చదరపు మిల్లీమీటరు తీగతో కలిపినచో, తీగ నిరోధము 1.4 ఓములగును. అప్పుడు 6 ఓముల స్వరము 1.8 డెసిబెల్‌లు, 30 ఓముల స్వరము 0.4 డెసిబెల్ తగ్గును. ఈ రెండింటి నడుమ 1.4 డెసిబెల్‌ల తేడాను చెవి పట్టగలదు. అదే 5 మీటర్ల దూరమున 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో, తేడా 0.1 డెసిబెల్‌కు లోబడి ఉండును. సంగీతములో దీనిని చెవి పట్టలేదు. కాబట్టి తీగలలో భేదము లేదనుట సరికాదు. భేదము ఉన్నది, అది లావులోను, పొడవులోను ఉన్నది. తీగ మొత్తము నిరోధము లౌడుస్పీకరు ఓములలో 5 శాతమునకు మించకుండుట మంచి నియమము.

వెండి, బంగారము

లోహములలో వెండికి విశిష్ట నిరోధము అన్నిటికంటె తక్కువ. కాని రాగికంటె తక్కువైనది 5, 6 శాతము మాత్రమే. రాగితీగనే ఆమాత్రము లావుగా తీసికొనినచో వెండితీగ ఫలితము లభించును. బంగారము విశిష్ట నిరోధము రాగికంటె ఎక్కువేనని విన్న విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. కొనలకు బంగారుపూత వేయుట వేరొక కారణమున. బంగారము గాలికి, చెమ్మకు చిలుమెక్కదు. కావున తరచుగా ఊడదీసి తగిలించు కొనలకు ఆ పూత ఉపయోగమే. కాని కొనలను శుభ్రముగా ఉంచి, బిగువుగా కలిపినచో మామూలు లోహముతోనైనను పని జరుగును.

రెండు లౌడుస్పీకర్ల తీగలును సమానమైన పొడవు ఉండనిచో శబ్దములు వేర్వేరు క్షణములలో చేరునని కొందరందురు. తీగలో విద్యుత్ సంకేతము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. 5 మీటర్ల తేడాకు పట్టు కాలము సెకనులో నాలుగుకోట్లవ వంతు. గాలిలో ధ్వని వేగము సెకనుకు 343 మీటర్లే. వినువారు తలను ఒక మిల్లీమీటరు కదల్చినచో కలుగు కాలభేదము దీనికి వంద రెట్లకు మించును!

చిన్న సంకేతముల తీగ

ప్లేయరు నుండి ఆంప్లిఫయరునకు పోవు తీగ సంగతి వేరు. ఆంప్లిఫయరు ప్రవేశమున అవరోధము సాధారణముగా 10,000 ఓములు లేక అంతకు మించి ఉండును. అందుచేత తీగకు గల అర ఓమ్ లెక్కకు రాదు. ఇచ్చట శత్రువు నిరోధము కాదు, ఇంటి కరెంటు. గోడలలోని తీగల నుండి 50 హెర్ట్జ్‌ల ప్రభావము సోకి, ఝుమ్మను రొద పుట్టును. దీనిని అడ్డుటకే నడిమి తీగచుట్టు రాగి అల్లిక కవచముగా ఉండును. గ్రామఫోను రికార్డుల ప్లేయరులో సూది వద్ద పుట్టు సంకేతము కొన్ని మిల్లీవోల్టులే గనుక, అచ్చట కవచము మరింత ముఖ్యము. ఈ తీగ వీలైనంత పొట్టిగా ఉండవలెను. కరెంటు తీగలకు దూరముగా పోవలెను.

చెవిని పరీక్షించుట

ఐనను, క్రొత్త తీగ వేయగానే పాట మెరుగైనదని నిజాయితీగా చెప్పువారు కలరు. వారు అబద్ధమాడుట లేదు. వెల తెలిసిన మనస్సు చెవికంటె ముందుగా తీర్పు చెప్పును. అంతేకాక, రెండు శబ్దములలో కొద్దిపాటి బిగ్గరైనది మేలైనదిగా తోచును.

ఈ దోషమును తప్పించు పద్ధతిని అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన మన్‌సన్, గార్డ్‌నర్ 1950లో ప్రకటించిరి. ముందు మొదటి శబ్దము, తరువాత రెండవ శబ్దము వినిపించి, పిమ్మట ఆ రెండింటిలో ఒకదానిని పేరు చెప్పక వినిపింతురు. అది ఏదో వినువారు చెప్పవలెను.

దీనిని పాఠశాలలోనే చేయవచ్చును. తెరవెనుక ఒక విద్యార్థి నాణెము ఎగురవేసి, బొమ్మ పడిన ఒక తీగను, బొరుసు పడిన రెండవ తీగను కలుపవలెను. కలుపునపుడు ఆంప్లిఫయరును ఆపవలెను. తీగ కొనలు ఒకదానికొకటి తగిలినచో అది చెడును. పాట, శబ్దస్థాయి ప్రతిసారి ఒకటే కావలెను. వినువారు తమ జవాబులను కాగితముపై వ్రాయవలెను. పదిసార్లలో ఐదు ఒప్పగుట నాణెమునకును సాధ్యమే. తొమ్మిదిగాని, పదిగాని ఒప్పగుటకు కేవలము అదృష్టము కారణమగు అవకాశము 1024లో 11 మాత్రమే. అట్టి ఫలితము వచ్చినచో భేదము నిజమని నమ్మవచ్చును.

కావున కొనువారు మొదట దూరమును కొలువవలెను. తగిన లావుగల రాగితీగను ఎంచవలెను. ప్లేయరు తీగకు కవచము ఉన్నదో లేదో చూడవలెను. కొనలు బిగువుగా ఉంచవలెను. మిగిలిన సొమ్మును లౌడుస్పీకర్లకు వెచ్చించినచో ఆ భేదము కండ్లు మూసికొనినను వినిపించును.