చెట్టు నీడలో కంద, చేమ

ఎండ తగలని పెరట్లో వంగ వేస్తే కాయదు, మిరప వేస్తే సాగిపోయి పడిపోతుంది. అందుకే చాలామంది ఆ జాగాను పేడదిబ్బకో, కట్టెలకో వదిలేస్తారు. నీడను తట్టుకునే దుంప పంటలు కూడా ఉన్నాయి. డెల్టాల్లో కొబ్బరి, అరటి తోటల మధ్య కంద, చేమ వేస్తారు. మార్కాపురం, గిద్దలూరు వైపు అంత నీరు లేదు గనుక ఎకరాల్లో కాక, పెరట్లో మొదలుపెట్టడమే మనకు క్షేమం.

ఎలాంటి నీడ?

మునగ, కొబ్బరి, కొమ్మలు ఎత్తుగా ఉన్న మామిడి కింద పడే చెదురునీడ బాగుంటుంది. రోజులో మూడు నాలుగు గంటలైనా ఎండ పొడ తగలాలి. చింతచెట్టు కింది చిక్కటి నీడలో ఆకు వస్తుంది గాని దుంప ఊరదు. వేప మొదట్లో వేర్ల పోటీ ఎక్కువ, కొమ్మల అంచు దాటి వేసుకోవాలి.

బత్తాయి పాదుల్లో మాత్రం ఈ పని చేయవద్దు. దుంపల కోసం తవ్వితే వేర్లు తెగుతాయి. మొదట్లో తడి నిలిస్తే బంక తెగులు వస్తుంది. చెట్లు చిన్నవిగా ఉన్నప్పుడు వరుసల నడుమ వేసుకోవచ్చు.

చేమకు తడి, కందకు మెరక

చేమ నీటిని ఇష్టపడుతుంది. స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన చక్కగా వస్తుంది. బట్టల సోడా నీళ్ళు మాత్రం ఆ పాదుల్లోకి రానీయకండి. కందకు నీరు నిలిస్తే కుళ్ళుతుంది, దాన్ని కాస్త మెరక మీద పెట్టాలి. పలకరాయి పైకి తేలిన చోట గుంట దిగదు. అక్కడ మట్టి, ఎరువు పోసి జానెడు ఎత్తు మడి కట్టుకోండి.

విత్తనమే అసలు ఖర్చు

కందను 90 సెం.మీ. ఎడంతో వేస్తే ఎకరాకు సుమారు 5 వేల గుంటలు పడతాయి. గుంటకు అరకిలో ముక్క చొప్పున రెండున్నర టన్నుల విత్తనం కావాలి. అప్పు తెచ్చి అంత విత్తనం కొన్నాక బోరు ఎండిందంటే కోలుకోలేం. మొదటి ఏడు 20 గుంటలు వేయండి. అరసెంటు స్థలం, 10 కిలోల విత్తనం చాలు. పండిన దాంట్లో 10 కిలోలు విత్తనానికి ఉంచి మిగిలింది వండుకోండి, అమ్ముకోండి. మరుసటి ఏటికి విత్తనం కొనే పని ఉండదు.

కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం దురద తక్కువ. కందను కోసేటప్పుడు నడినెత్తిన ఉన్న మొగ్గ ప్రతి ముక్కకూ కొంత రావాలి. పేడనీళ్ళలో కిలో విత్తనానికి 5 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి ముక్కలు ముంచి, ఒక రోజు నీడన ఆరబెట్టాలి.

నాటడం, పోషణ

మే ఆఖరులో గాని, జూన్ తొలి వానలకు గాని నాటాలి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీసి, పైమట్టిలో రెండున్నర కిలోల చివికిన పశువుల ఎరువు, 30 గ్రాముల సూపర్ కలిపి నింపాలి. మొగ్గ పైకి ఉండేలా ముక్క పెట్టి మట్టి కప్పండి. వెంటనే ఎండుటాకు మందంగా పరచండి. మన ఎండలకు ఈ ఆకు కప్పడం మానితే సగం పంట పోయినట్టే. మొలక రావడానికి నెల పట్టవచ్చు, రాలేదని తవ్వి చూడకండి.

నాటిన 45 రోజులకు ఒకసారి, మరో నెలకు ఒకసారి గుంటకు యూరియా, పొటాష్ ఏడేసి గ్రాములు వేసి మట్టి ఎగదోయాలి. వాన లేకుంటే వారానికి ఒక తడి ఇవ్వాలి.

చేమకు 25–35 గ్రాముల పిల్లదుంపలను 60 × 45 సెం.మీ. ఎడంతో నాటితే ఆరేడు నెలల్లో తవ్వుకోవచ్చు.

తెగుళ్ళు

కంద కాడ మొదట్లో మెత్తబడి, ఆకు పచ్చబారి పడిపోతే అది మొదలు కుళ్ళు. వేరుశనగలో కాండం కుళ్ళు తెచ్చే బూజే ఇదీ. ఆ తెగులు కనిపించిన నేలలో కంద వేయకండి. ముసురు రోజుల్లో చేమ ఆకుల మీద నీరు నానినట్టు మచ్చలు వస్తాయి. కూరకు ఆకు కోసుకునే పెరట్లో మందు కొట్టేకంటే మచ్చ కనిపించిన ఆకును వెంటనే తీసి కాల్చడం మేలు.

నల్లమల అంచు ఊళ్ళలో అడవి పందులు దుంపల కోసం తవ్వేస్తాయి. అక్కడివాళ్ళు పొలంలో కాక ఇంటి దడి లోపలే వేసుకోవాలి.

తవ్వకం

కంద 8–9 నెలలకు వస్తుంది. ఆకు పూర్తిగా పండి వాలాకే తవ్వాలి. తొందరపడితే తూకం తగ్గుతుంది. చేతులకు నూనె రాసుకుంటే దురద తగ్గుతుంది. కూరను చింతపండు పులుసుతో బాగా ఉడికించాలి. విత్తనానికి ఉంచిన దుంపలను గాలి ఆడే నీడన ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి ఉంచండి. అవి రెండు మూడు నెలలు నిద్రపోయి, మే నెలకు మొలకెత్తుతాయి.

విత్తనం, ట్రైకోడెర్మా దొరికే చోటు కోసం మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడగండి. మే నెల రాకముందే కనుక్కుని పెట్టుకుంటే తొలి వానకు ముక్క నేలలో ఉంటుంది.