నూలు గది కాటాకు, కంప్యూటరుకు మాట కుదరనప్పుడు

మన సంఘపు నూలు గదిలో ఎలక్ట్రానిక్ కాటాను కంప్యూటరుకు తగిలించి, తూకము చీటీ మీద దానంతటదే అచ్చు పడునట్లు ఏర్పాటు చేసుకొంటిమి. చేతివ్రాతలో 1 ఏదో 7 ఏదో తెలియక వచ్చు తగవులు ఇకమీదట ఉండవని సంతోషించితిమి. రెండు వారములు బాగుగనే నడచినది. మూడవ వారమున, మిగులు పట్టు తిరిగి అప్పగించిన రెండు కుటుంబముల లెక్కలో పెద్ద తరుగు పడినది. ఇంటివద్ద 300 గ్రాములు తూచుకొని తెచ్చినవారికి చీటీ 44 అని పలికినది. 410 తెచ్చినవారికి 154 అని పలికినది. మేము చీటీనే నమ్మి, వారి మజూరిలో పట్టు వెల పట్టుకొంటిమి. పావుకిలో పట్టు అనగా ఎంత సొమ్మో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. సొమ్ము అటుంచి, దొంగతనపు మాట పడినందుకు వారు బాధపడిరి.

రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా తగ్గినది రెండింటను సరిగా 256 గ్రాములే. రెండు వేర్వేరు ఇండ్లవారు గ్రాము తేడా లేకుండ ఒకే తూకము దాచుకొనుట కలలోని మాట. దోషము నేతవారిలో లేదు, మేము వ్రాయించిన ప్రోగ్రాములో ఉన్నదని అప్పుడు బోధపడినది.

షోలాపురము, భివండి, సేలము, బరంపురము మొదలగు చోట్ల మనవారి పిల్లలలో కంప్యూటరు చదివినవారు ఎందరో ఉన్నారు. ఇట్టి ఏర్పాటు చేసుకొనదలచిన సంఘములకు ఉపయోగపడునని, ఎక్కడెక్కడ చిక్కు వచ్చునో, దానిని ఎట్లు కనిపెట్టవలెనో ఇక్కడ వివరించుచున్నాము. మేము వాడినది పైథాన్ భాష, అందులో యూఎస్‌బీ పరికరములతో మాటలాడుటకు ఉన్న పైయూఎస్‌బీ అను లైబ్రరీ. కంప్యూటరు లినక్సుది.

అన్నింటికంటె ముందు, మీ కాటా ఏ జాతిదో తెలిసికొనవలెను. కొన్ని కాటాలకు పాత సీరియల్ తీగ ఉండి, కొసన యూఎస్‌బీ మార్పిడి ముక్క తగిలించి ఉండును. వాటికి పైయూఎస్‌బీతో పనిలేదు. పైసీరియల్ అను వేరొక లైబ్రరీ కలదు. అక్కడ వచ్చు చిక్కు సాధారణముగా వేగము కుదరకపోవుట. కాటా సెకనుకు 9600 చొప్పున పలుకుచుండగా ప్రోగ్రాము వేరొక వేగమున వినినచో పిచ్చి అక్షరములు పడును. రెండవ జాతి కాటాలు కీబోర్డు, మౌసుల వలె హెచ్‌ఐడీ తరగతికి చెందినవి. మాది ఈ రెండవ జాతి. ఇకమీదట చెప్పునది దానిని గూర్చియే.

కాటా అసలు కనబడకపోయినచో ముందుగా తీగను అనుమానింపుడు. ఫోను చార్జి చేయుటకు మాత్రమే పనికివచ్చు తీగలు ఉన్నవి. వాటిలో కరెంటు పోవును గాని మాట పోదు. మేము ఒక పూట అంతయు ఈ తీగ వలననే పోగొట్టుకొంటిమి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అను ఆజ్ఞ ఇచ్చినచో తగిలించిన పరికరముల పట్టిక వచ్చును. ప్రతి దానికి తయారీదారు సంఖ్య, సరుకు సంఖ్య అని రెండు ఉండును. ఆ పట్టికలో కాటా లేనియెడల ప్రోగ్రామును దిద్ది ప్రయోజనము లేదు. పట్టికలో ఉండియు, పైథానులో ఫైండ్ అను ఆజ్ఞకు ‘నన్’ అని, అనగా ఏమియు లేదని, జవాబు వచ్చినచో ఆ రెండు సంఖ్యలను తప్పుగా వ్రాసితిరన్న మాట. అవి పదహారింటి లెక్కలోని అంకెలు. ముందు సున్నా, ఎక్స్ చేర్చి వ్రాయుట మరువరాదు. ‘నో బ్యాకెండ్’ అని వచ్చినచో కాటాది తప్పు కాదు. పైయూఎస్‌బీ ఆధారపడు లిబ్‌యూఎస్‌బీ కంప్యూటరులో లేదు, దానిని ఎక్కించవలెను.

తరువాత రెండు దోషములు తరచు వచ్చును. 13వ నెంబరు దోషము అనుమతి లేదని చెప్పును. సర్వాధికారి పేర ప్రోగ్రాము నడిపినచో ఇది తక్షణము పోవును, కాని లెక్కల గదిలో అట్టి అలవాటు మంచిది కాదని మా అభిప్రాయము. యూడెవ్ నియమముల ఫైలులో ఈ కాటా సంఖ్యలు వ్రాసి, మామూలు వాడుకరికి అనుమతి ఇచ్చి, తీగ ఊడదీసి మరల తగిలించవలెను. 16వ నెంబరు దోషము, కాటాను ఇంకొకరు పట్టుకొని ఉన్నారని చెప్పును. ఆ ఇంకొకరు మరెవరో కాదు, లినక్సు సొంత హెచ్‌ఐడీ డ్రైవరే. ముందు దానిని విడిపించుమని ప్రోగ్రాములో ఒక ఆజ్ఞ వ్రాయవలెను. విండోసు మీద ఇట్లు విడిపించుట కుదరదు కనుక, అక్కడ హెచ్‌ఐడీఏపీఐ అను లైబ్రరీ వాడుకొనుట సుఖము.

చదువుట మొదలుపెట్టిన పిదప 110వ నెంబరు వచ్చినచో, గడువులోపల కాటా పలుకలేదన్న మాట. కొంతసేపు ఏమియు పెట్టకున్న కాటా తానే నిద్రపోవుట ఇందుకు ఒక కారణము. తప్పు ద్వారము వద్ద చెవి పెట్టుట మరొకటి. ద్వారపు సంఖ్యను ఎక్కడినుండియో ఎత్తి వ్రాయక, కాటానే అడిగి తెలిసికొనునట్లు ప్రోగ్రాము వ్రాయుడు. 75వ నెంబరు వచ్చినచో కాటా పంపినదానికంటె మీరు పట్టిన పాత్ర చిన్నదని గ్రహింపవలెను.

ఈ దోషములన్నియు అరచి చెప్పునవి. పని ఆగిపోవును గాని ఎవరి లెక్కయు చెడదు. మాకు అపకారము చేసినది ఏ దోషమును చూపక నడచిన తప్పు.

మా కాటా ప్రతిసారి ఆరు అంకెలు పంపును. మొదటిది చీటీ రకము, 3. రెండవది స్థితి: 2 అనగా సున్నా వద్ద ఉన్నది, 3 అనగా పళ్లెము ఇంకను కదలుచున్నది, 4 అనగా నిలిచినది, 5 అనగా సున్నాకు దిగువ, 6 అనగా మోయలేని బరువు. మూడవది కొలత: 2 గ్రాములు, 3 కిలోలు, 11 ఔన్సులు, 12 పౌన్లు. నాలుగవది దశాంశ స్థానము. ఇక్కడ 255 అని వచ్చినచో ఋణ ఒకటి అని అర్థము, అనగా వచ్చిన సంఖ్యను పదితో భాగింపవలెను. అయిదు, ఆరు కలిపి తూకము.

ఒక్కొక్క అంకె 255 దాటి పలుకలేదు. అందువలన 256 నిండగానే ఆరవ స్థానములో ఒకటి వేసి, మిగిలినది అయిదవ స్థానములో చూపును. పదహారు అణాలు నిండగానే రూపాయి వేయు పాత లెక్క వంటిదే ఇది. 300 గ్రాములు అనగా 256 ఒకటి, పైన 44. మా ప్రోగ్రాము అణాలు వ్రాసి రూపాయిని విడిచినది! మొదటి రెండు వారములలో తూచినవన్నియు జరీ కండెలు, చిన్న మిగుళ్లు. ఏదియు 255 దాటలేదు కనుక తప్పు బయటపడలేదు. ఆరవ అంకెను 256తో హెచ్చించి అయిదవదానికి కలుపుమని ఒక్క పంక్తి దిద్దగా సరిపోయినది.

ఆ పనిలోనే మరి రెండు లోపములు కనబడినవి. పళ్లెము కదలుచుండగానే ప్రోగ్రాము తూకము వ్రాసికొనుచుండెను. ఇప్పుడు స్థితి 4 వచ్చువరకు ఆగును. ఎవరైన పొరపాటున కొలత మీట నొక్కి ఔన్సులకు మార్చినచో దానిని గ్రాములుగానే వ్రాయుచుండెను. ఇప్పుడు మూడవ అంకె 2 కానిచో చీటీ వేయదు.

లీగల్ మెట్రాలజీ చట్టము, 2009 ప్రకారము ఇచ్చిపుచ్చుకొనుటకు వాడు కాటాకు తనిఖీ ముద్ర ఉండవలెను. ఆ ముద్ర కాటాకే గాని మన ప్రోగ్రాముకు కాదు. కావున చీటీకి, కాటా అద్దముమీది అంకెకు తేడా వచ్చినచో అద్దముమీదిదే లెక్క అని తీర్మానించితిమి. తూచువాడు అద్దముమీది అంకెను పైకి చదివి, ఇంటివారు విన్న తరువాతనే చీటీ తీయవలెను. చీటీ అడుగున ఆ ఆరు అంకెలు కూడ ఉన్నవి ఉన్నట్లు పడును. అనుమానము గలవారు ఇంటికి పోయి లెక్క కట్టుకొనవచ్చును. ప్రతి సోమవారము గది తెరువగానే 200, 300, 600, 1000 గ్రాముల రాళ్లు పెట్టి చూచుచున్నాము. వెయ్యి గ్రాములకు చివరి రెండు అంకెలు 232, 3 అని రావలెను.

ఆ రెండు కుటుంబముల ఖాతాలలో 256 గ్రాముల చొప్పున పట్టు జమ వ్రాసి, పట్టిన మజూరి ఇచ్చివేసితిమి. తప్పు సంఘముదేనని వారి ఇండ్లకు పోయి చెప్పి వచ్చితిమి.