డాబా మీది పుదీనాతో చల్లని షర్బత్.. చేసే తీరు, తప్పకుండా తెలియాల్సిన జాగ్రత్తలు

రంజాన్ నెలలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద షర్బత్ జగ్గు కనిపించని ఇల్లు మన వాళ్లలో అరుదు. ఈద్ అయిపోగానే ఆ జగ్గు అల్మారాలోకి వెళ్లిపోతుంది. అసలు ఎండలు ముదిరేది మాత్రం ఆ తర్వాతే.

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కదా. 2016 నుంచి 2019 దాకా మే, జూన్ ఎండల్లోనే రోజాలు గడిచాయి. 2025లో ఈద్ మార్చి నెలాఖరుకే అయిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు నుంచి నిజామాబాద్ దాకా ఎండ మండిపోయే రోజుల్లో ఇంట్లో షర్బత్ ఉండదు, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ సీసా ఉంటుంది. పిల్లలు స్కూలు సెలవుల్లో ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆ సీసా ఒక్క పూటలో ఖాళీ అవుతుంది.

దాని బదులు డాబా మీదో, కిటికీ గట్టు మీదో పెంచిన పుదీనాతో పది నిమిషాల్లో షర్బత్ చేసుకోవచ్చు. ఆకు మనదే, నీళ్లు మనవే. చక్కెర ఎంత వేయాలన్నదీ మన చేతిలోనే ఉంటుంది. అయితే ఈ షర్బత్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో కూడా తెలిసి ఉండాలి.

షర్బత్ అంటే..

'తాగాడు' అనే అర్థం వచ్చే 'షరిబ' అనే అరబీ మాట నుంచి షర్బత్ వచ్చింది. ఇంగ్లిష్‌లో వాడే సిరప్ అనే మాటకూ మూలం అదే. యునానీ వైద్యంలో షర్బత్ అనేది మందు ఇచ్చే ఒక పద్ధతి. మూలికల కషాయాన్ని చక్కెర పాకంలో కలిపితే మందు చేదు తగ్గుతుంది, ఎక్కువ రోజులు నిల్వ ఉంటుంది. 1906లో ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ మొదలుపెట్టిన హమ్‌దర్ద్ దవాఖానా నుంచి వచ్చిన రూహ్ అఫ్జా కూడా ఈ సంప్రదాయంలోదే.

నిల్వ ఉండాలంటే చక్కెర బాగా పట్టాలి. సీసా షర్బత్‌లలో తీపి అంత ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఇదే. ఇంట్లో చేసుకున్నది అదే రోజు తాగేస్తాం కాబట్టి మనకు అంత చక్కెర అవసరమే లేదు.

చక్కెర లెక్క

పెద్దవాళ్లు రోజుకు తీసుకునే అదనపు చక్కెర సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే సుమారు ఆరు టీ స్పూన్లు. టీలో వేసుకునేది, మిఠాయిలో ఉండేది, షర్బత్‌లో కలిపేది అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మామూలు కోలా లాంటి కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. షర్బత్ సీసా కొనేటప్పుడు కూడా వెనకాల లేబుల్ చూడాలి. 100 మిల్లీలీటర్లకు 60 గ్రాముల చక్కెర అని రాసి ఉందనుకుందాం. గ్లాసులో 40 మిల్లీలీటర్లు పోస్తే 24 గ్రాములు. ఒక్క గ్లాసుకే దాదాపు ఆరు టీ స్పూన్లు!

కింద చెప్పిన పద్ధతిలో గ్లాసుకు పడేది ఒక్క టీ స్పూన్ మాత్రమే. బెల్లం, తేనె వేస్తే షుగర్ పెరగదని చాలా మంది అనుకుంటారు. అది నిజం కాదు. అవి కూడా చక్కెర లెక్కలోకే వస్తాయి.

పుదీనా పెంచడం

పుదీనాకు విత్తనం వెతుక్కోవాల్సిన పని లేదు. బజారులో తెచ్చిన కట్టలోనే లావుగా, తాజాగా ఉన్న కాడలు నాలుగైదు పక్కన పెట్టండి. ఒక్కొక్కటి ఐదారు అంగుళాలు ఉంటే చాలు. కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం, పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేర్లు వస్తాయి. అప్పుడు కుండీలో నాటుకోవాలి.

పుదీనా వేర్లు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. అందుకే లోతైన కుండీ కంటే వెడల్పాటి తొట్టి మేలు. పాత ప్లాస్టిక్ టబ్బు అడుగున రంధ్రాలు చేసినా సరిపోతుంది. సగం ఎర్రమట్టి, సగం బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. వేరే మొక్కలతో కలిపి నాటితే పుదీనా మొత్తం ఆక్రమించేస్తుంది కాబట్టి దాని తొట్టి దానికే ఉండాలి.

ఏప్రిల్, మేలో ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ వచ్చే చోట పెట్టాలి. డాబా మీద నీడ లేకపోతే ఆకుపచ్చ నెట్ కట్టవచ్చు, పాత దుపట్టా కట్టినా చాలు. మట్టి తడి ఆరకుండా ఉదయం, సాయంత్రం చూసుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు, సబ్బు తగలని వుజూ నీళ్లు ఒక టబ్బులోకి పట్టుకుంటే మొక్కకు సరిపోతాయి, నీళ్లూ వృథా కావు.

కోసేటప్పుడు ఆకులు ఒక్కొక్కటిగా గిల్లకండి. కాడ చివర నుంచి రెండు, మూడు కణుపుల కిందికి కత్తెరతో కోస్తే, ఆ చోట రెండు కొత్త కొమ్మలు వస్తాయి. పూత రానివ్వకూడదు.

సబ్జా గింజల నుంచే మొక్క

షర్బత్‌లో వేసే సబ్జా గింజలు రుద్రజడ మొక్కవి. కొందరు దుకాణంలో తుఖ్మే రైహాన్ అనో, తుఖ్మలంగా అనో అడుగుతారు. ఖురాన్‌లో సూరా అర్‌రహ్మాన్‌లో రైహాన్ అనే మాట సువాసన గల మొక్క అనే అర్థంలో వస్తుంది. పాత స్టాకు కాకపోతే వంటింటి డబ్బాలోని సబ్జాయే మొలుస్తుంది. తడి మట్టి మీద చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే వారం, పది రోజుల్లో మొలకలు వస్తాయి. లేత ఆకులు షర్బత్‌కు, ఎండిన పూల కంకుల్లోని నల్ల గింజలు మళ్లీ డబ్బాలోకి.

సబ్జా, చియా ఒకటే అని అమ్మేవాళ్లూ ఉన్నారు. రెండూ వేరు. సబ్జా నల్లగా ఉండి నీళ్లలో వేసిన కొద్ది నిమిషాల్లోనే ఉబ్బుతుంది. చియా బూడిద, తెలుపు మచ్చలతో ఉంటుంది, ఉబ్బడానికి ఎక్కువ సేపు పడుతుంది.

షర్బత్ చేసే విధానం

ఆరు గ్లాసులకు కావాల్సినవి: పుదీనా ఆకులు రెండు గుప్పెళ్లు, రుద్రజడ ఆకులు ఎనిమిది (లేకపోయినా ఫర్వాలేదు), నిమ్మకాయలు 3, అర అంగుళం అల్లం ముక్క, చక్కెర 6 టీ స్పూన్లు, ఉప్పు పావు టీ స్పూన్, చిటికెడు నల్ల ఉప్పు, వేయించి పొడి చేసిన జీలకర్ర అర టీ స్పూన్, సబ్జా 2 టీ స్పూన్లు, కాచి చల్లార్చిన నీళ్లు లేదా ఫిల్టర్ నీళ్లు 1.2 లీటర్లు.

ముందుగా సబ్జాను ఒక కప్పు నీళ్లలో వేసి 15, 20 నిమిషాలు నానబెట్టాలి. గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర వచ్చి మెత్తగా ఉబ్బాలి.

ఆకులను రెండు, మూడు నీళ్లలో బాగా కడగాలి. ఇంట్లో పెంచినదే అయినా దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి. బజారు పుదీనా అయితే ఇంకా జాగ్రత్త అవసరం. హైదరాబాద్ దిగువన మూసీ వెంట మురుగునీటితో ఆకుకూరలు పండించడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. కూరలో వేసిన ఆకు ఉడుకుతుంది, షర్బత్‌లో పచ్చిదే తాగుతాం. ఇంటి మొక్క వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది.

ఆకులు, అల్లం, చక్కెర, అర గ్లాసు చల్లటి నీళ్లు మిక్సీలో వేసి కొద్ది సెకన్లు తిప్పితే చాలు. ఎక్కువ సేపు తిప్పితే వేడెక్కి, చేదొచ్చి, రంగు నల్లబడుతుంది. కరెంటు లేకపోతే రోట్లో దంచండి, వాసన ఇంకా బాగుంటుంది. తర్వాత వడకట్టి మిగతా నీళ్లు, రెండు ఉప్పులు, జీలకర్ర పొడి కలపాలి.

నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే పిండాలి. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు కాసేపటికి మట్టి రంగులోకి మారుతుంది. రుచి చెడదు కానీ పిల్లలు చూసి వద్దంటారు. చివర్లో నానిన సబ్జా కలపండి.

జగ్గు గాజుదో, స్టీలుదో ఉండాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో పులుపు పోసి ఉంచకూడదు. చేసినది ఫ్రిజ్‌లో పెట్టి అదే రోజు తాగేయాలి.

ఎండాకాలంలో నిమ్మకాయ ధర ఎక్కువైతే ఉడికించిన పచ్చి మామిడి గుజ్జు వాడుకోవచ్చు. నీళ్ల బదులు పల్చటి మజ్జిగ పోసి, చక్కెర, నిమ్మరసం మానేస్తే షుగర్ ఉన్న పెద్దవాళ్లకూ బాగుంటుంది.

ఐస్ సంగతి

ఐస్ ఇంటి ఫ్రిజ్‌లో తాగే నీళ్లతో గడ్డకట్టించినదే వేయండి. దావత్‌లకు బయటి నుంచి తెచ్చే పెద్ద దిమ్మలు చేపలు నిల్వ చేయడానికి తయారైనవీ కావచ్చు. వాటిని తాగే నీళ్లతోనే చేశారన్న భరోసా లేదు. అలాంటి దిమ్మల మధ్య జగ్గు పెట్టి చల్లబరచవచ్చు, షర్బత్‌లో మాత్రం వేయకూడదు.

చల్లగా అనిపించడం వేరు, ఒళ్లు చల్లబడటం వేరు

పుదీనా జాతి ఆకుల్లో రకాన్ని బట్టి ఎక్కువ, తక్కువగా మెంథాల్ ఉంటుంది. చలిని గుర్తించే నరాలను మెంథాల్ తట్టి లేపుతుంది. దాంతో నోటికి చల్లగా అనిపిస్తుంది. వేడిని, చలిని శరీరం ఎలా గుర్తిస్తుందో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ పరిశోధనలో మెంథాల్‌నూ వాడారు.

అంటే పుదీనా ఒంటి వేడిని దించేయదు. ఎండలో నిజంగా పని చేసేది షర్బత్‌లోని నీళ్లు, కొద్దిపాటి ఉప్పు. ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎండలో తిరిగి వచ్చిన మనిషి తడబడి మాట్లాడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. అప్పుడు షర్బత్ కలుపుతూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరాలి. పర్దా విషయంలో మొహమాటపడి ఆడవాళ్లకు ఈ సాయం ఆలస్యం చేయవద్దు. ఇంట్లో ఆడవాళ్లే గదిలో చేయవచ్చు. స్పృహలో లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

విరేచనాలు, వాంతులు అవుతుంటే కూడా షర్బత్ సరిపోదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ కావాలి. దాని మీద రాసినన్ని నీళ్లలోనే మొత్తం కలపాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో 6 టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు. స్పూన్లు గోపురం కట్టకుండా సమంగా ఉండాలి. మన షర్బత్‌లో ఉప్పు ఇందులో సగం కూడా ఉండదు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఆరు నెలల లోపు పసిపిల్లలకు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వకూడదు, ఎండాకాలమైనా సరే. ఏడాది లోపు పిల్లలకు తేనె కలిపినది పట్టకూడదు. చిన్నపిల్లలకు సబ్జా లేకుండానే ఇవ్వండి. నానని పొడి సబ్జాను ఎవరూ నోట్లో వేసుకోకూడదు. అది గొంతులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్న నానీలు, దాదాలకు చక్కెర లేకుండా చేసిన గ్లాసు పక్కకు తీయండి. బీపీ ఉన్నవాళ్లకు రెండు ఉప్పులూ మానేయాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్ చెప్పి ఉంటారు. షర్బత్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఛాతీలో మంట ఉన్న కొందరికి పుదీనా పడదు.

ఈ వారం కాడలు నీళ్లలో పెడితే నెలా, నెలన్నరలో మొదటి జగ్గుకు సరిపడా ఆకు వస్తుంది. ముహర్రంలో సబీల్ పెట్టి దారిన పోయేవాళ్ల దాహం తీర్చే అలవాటు మన వీధుల్లో ఉన్నదే. మే నెల మధ్యాహ్నం గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషికి, పార్సిల్ తెచ్చిన కుర్రాడికి ఒక గ్లాసు అందించడానికి ముహర్రం దాకా ఆగనక్కర్లేదు.