జిల్లా మారితే లాగిన్ ఏమవుతుంది?

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి కృష్ణా జిల్లా విడిపోయింది. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. మచిలీపట్నం కృష్ణాకు కేంద్రంగా మిగిలింది. నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఉద్యోగి కార్యాలయం, పై అధికారి, తెరవగలిగిన ఫైళ్లు అన్నీ మారతాయి. మెయిల్‌కొక జాబితా, జీతాలకొకటి, ఫైళ్లకింకొకటి విడివిడిగా ఉంటే ప్రతి పేరునూ అన్నిచోట్లా దిద్దాలి. ఎక్కడో ఒకచోట పాత అధికారం అలాగే ఉండిపోతుంది. డైరెక్టరీ సర్వర్ ఆ వివరాలన్నీ ఒకేచోట, శాఖోపశాఖలుగా అమర్చి ఉంచుతుంది. లాగిన్ వేళ మిగతా సాఫ్ట్‌వేర్లు దాన్నే అడుగుతాయి. అలా అడిగే పద్ధతి పేరు ఎల్‌డాప్. 1990ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అది రూపుదిద్దుకుంది. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీకీ, నెట్‌స్కేప్ నుంచి వారసత్వంగా వచ్చిన 389 డైరెక్టరీ సర్వర్‌కూ అదే ఆధారం.

పెద్ద సంస్థలో ఇలాంటి సర్వర్లు, ఒకదానికొకటి నకళ్లుగా, అనేకం ఉంటాయి. ఒకదానిలో చేసిన మార్పు మిగతావాటికి తనంతట తానే చేరుతుంది. వీటన్నిటినీ ఒకే తెర మీద నుంచి నడిపేది అడ్మినిస్ట్రేషన్ కన్సోల్. ఖాతా తెరవడం, మూయడం, పాస్‌వర్డ్ నియమాలు పెట్టడం, నకళ్లు వెనకబడ్డాయేమో చూడడం దాని పనులు. సౌకర్యం కంటే నాకు ముఖ్యంగా తోచేది ఇది: రిటైరైన ఉద్యోగి ఖాతాను అదే రోజు, అన్నిచోట్లా మూసేయవచ్చు. తెరిచి వదిలేసిన పాత ఖాతాలే దొంగలకు దారి.

అన్ని తాళాలూ ఒక్క తెరకిస్తే ప్రమాదం కాదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే కన్సోల్ ఆగిపోయినంత మాత్రాన లాగిన్లు ఆగవు. బ్యారేజీ కంట్రోల్ రూముకు తాళం వేసినా, ఎత్తి ఉంచిన గేట్ల కింద కాలువ పారుతూనే ఉంటుంది కదా. అసలు భయం మనిషి చేతితోనే. పొరపాటున ఒక శాఖను చెరిపేస్తే ఆ చెరుపు కూడా అన్ని నకళ్లకూ పాకుతుంది. అందుకే నకలు వేరు, బ్యాకప్ వేరు. అధికారాన్ని పంచాలి, ఎవరు ఏం మార్చారో లాగ్‌లో నమోదు కావాలి. మనిషి పొరపాటుకు తోడు వరద ముప్పూ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. అది చూశాక కూడా సర్వర్లన్నీ ఒకే భవనంలో, అందులోనూ కింది అంతస్తులో పెట్టడం క్షమించరానిది. కృష్ణా డెల్టాలోని ప్రతి సంస్థా ఒక నకలును మెరక ప్రాంతంలోనో వేరే ఊళ్లోనో పెట్టుకోవాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే డైరెక్టరీలోనూ ఆ మార్పు జరిగేలా చూడాలి.